మలేనియా బార్ ఎందుకు తగ్గదు?

ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో మలేనియా అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఇరుక్కుపోయినవాళ్ల గోడు దాదాపు ఒకటే: ఎంత కొట్టినా ఆమె ప్రాణం చూపే బార్ తగ్గట్లేదు. కత్తిని +25 దాకా తీసుకెళ్తారు, ఇంకో పది లెవెల్స్ పెంచుతారు, టాలిస్మన్లు (ఒంటికి తగిలించుకునే తాయెత్తులు) మారుస్తారు, మళ్లీ వెళ్తారు, మళ్లీ అదే కథ. చాలాసార్లు తప్పు కొట్టే దెబ్బలో ఉండదు, తినే దెబ్బలో ఉంటుంది. వేరే బాస్ దగ్గర దెబ్బ తింటే మీ ప్రాణం పోతుంది, అంతటితో సరి. ఇక్కడ మీ ప్రాణం పోతూనే ఆమె ప్రాణం పెరుగుతుంది. ఒక్క పొరపాటుకు రెండు చోట్ల బిల్లు పడుతోందన్నమాట. ఈ సంగతి ఒంటపట్టనంత వరకు మిగతా చిట్కాలేవీ పనిచేయవు.

మన పురాణాల్లో దీనికి దగ్గరి పోలిక వాలి. ఎదురుగా నిలబడ్డవాడి బలంలో సగం వాలికి వెళ్లిపోతుంది, అందుకే రాముడు చెట్టు చాటు నుంచి బాణం వేయాల్సి వచ్చింది. మలేనియా ఉన్నదీ ఓ మహావృక్షం వేళ్ల మధ్యే, కానీ ఆ గదిలో చాటు మాత్రం లేదు. చదునైన నేల, తెల్లటి పూలు, మధ్యలో ఆమె. దూరం నుంచి మంత్రాలు వేద్దామన్నా, మెల్లగా వచ్చేవాటిని పక్కకు జరిగి తప్పించుకునే అలవాటు ఆమెకు ఉంది.

అసలు అక్కడికి వెళ్లాలా

కథ పూర్తి చేయడానికి ఆమెను ఓడించాల్సిన పని లేదు. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరి 25న విడుదల చేసిన ఈ గేమ్‌లో మలేనియా దారి పక్కన ఉండే బాస్, అదీ బాగా లోపలి దారి పక్కన. ముందు హాలిగ్‌ట్రీ మెడాలియన్ రెండు ముక్కలూ దొరకాలి. కుడి ముక్క అల్బినారిక్‌ల ఊళ్లో కుండ వేషంలో దాక్కున్న ముసలాయన ఇస్తాడు, ఎడమ ముక్క కాసిల్ సోల్‌లో కమాండర్ నియాల్‌ను ఓడించాక కోట పైభాగంలో దొరుకుతుంది. ఆ రెండింటితో రోల్డ్ లిఫ్ట్‌లో మంచు మైదానానికి, అక్కణ్నుంచి ఆర్డినా ఊరి దీపాల చిక్కుముడి విప్పి హాలిగ్‌ట్రీకి, కొమ్మల మీద నడిచి అక్కడి బాస్ లొరెట్టాను దాటి, ఎల్ఫేల్ గోడల గుండా అడుగుకు దిగాలి.

దిగేటప్పుడు ఎల్ఫేల్‌లోనే డ్రాగన్‌క్రెస్ట్ గ్రేట్‌షీల్డ్ టాలిస్మన్ దొరుకుతుంది. కత్తి వేటు లాంటి భౌతిక దెబ్బల్ని అది 20 శాతం తగ్గిస్తుంది. మలేనియా దెబ్బల్లో ఎక్కువ భాగం కత్తివే కాబట్టి ఆమె ముంగిట్లోనే ఆమెకు విరుగుడు పెట్టినట్టుంది. హడావుడిగా పరుగెత్తి దాన్ని వదిలేసి వెళ్లేవాళ్లే ఎక్కువ.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. 2024 జూన్‌లో వచ్చిన అదనపు భాగం షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీలో స్కాడుట్రీ ముక్కలు ఏరుకుని బలం పెంచుకున్నాం కదా, మలేనియా ఇప్పుడు తేలికవుతుందని అనుకుంటారు. ఆ బలం ఆ భాగం జరిగే ఛాయాభూమిలో మాత్రమే పనిచేస్తుంది. హాలిగ్‌ట్రీకి రాగానే మీరు పాత మీరే.

లెక్క

మొదటి ఆటలో, ఒంటరిగా వెళ్తే, మొదటి ఫేజ్‌లో ఆమె ప్రాణం 18,473. అది సున్నా అయ్యాక ఆమె లేచి రెండో ఫేజ్ మొదలుపెడుతుంది. అప్పుడు బార్ నిండుగా ఉండదు, 80 శాతం దగ్గర, అంటే 14,778 దగ్గర మొదలవుతుంది. మొత్తం 33,251. రెండో ఫేజ్‌లో మిగిలిన 20 శాతం చోటు ఖాళీగా ఎందుకు ఉందో త్వరలోనే తెలుస్తుంది: మిమ్మల్ని కొట్టి నింపుకోవడానికి.

మీ ఒక్కో దెబ్బ 600 పడుతుందనుకుందాం. మొదటి ఫేజ్‌కు 31 దెబ్బలు, రెండోదానికి 25, మొత్తం 56. దెబ్బ 450 అయితే 42, 33, మొత్తం 75. పంతొమ్మిది దెబ్బలు అదనం. అంటే ఆమె పక్కన నిలబడాల్సిన సమయం పెరుగుతుంది, ఆ సమయంలో మీకు తగిలేవి పెరుగుతాయి, తగిలిన ప్రతిదానికీ ఆమె కోలుకుంటుంది, దాంతో మీరు కొట్టాల్సినవి మళ్లీ పెరుగుతాయి. చక్రవడ్డీ అప్పు ఇలాగే మెడకు చుట్టుకుంటుంది. ఆయుధం బలం ముఖ్యమేననడానికి కారణం ఇదే. మామూలు ఆయుధమైతే +25, సోంబర్ రాయితో పెరిగేదైతే +10. అంతకంటే తక్కువతో వెళ్తే వడ్డీ కడుతూనే ఉంటారు.

ప్రాణాన్ని పెంచే విగర్ విషయంలో బేరం వద్దు. 40 దగ్గర మీ ప్రాణం 1,450, 60 దగ్గర 1,900. ఆ 450 తేడా అంటే ఒక తప్పుకు చావడమా, బతికి ప్రాణం నింపే ఫ్లాస్క్ తాగడమా అన్న తేడా. మోయగలిగే బరువులో 70 శాతం దాటితే రోల్ (దెబ్బ తప్పించుకునే దొర్లుడు) మొద్దుబారిపోతుంది. అలాంటి రోల్‌తో ఈ పోరాటం దాదాపు అసాధ్యం. కవచం ఒకటి రెండు విప్పేసైనా ఆ గీతకు లోపలే ఉండండి.

షీల్డ్ ఎందుకు మోసం చేస్తుంది

షీల్డ్ మీద వంద శాతం భౌతిక రక్షణ ఉంటే కత్తి దెబ్బకు మీ ప్రాణం ఒక్క పాయింటు కూడా తగ్గదు. మిగతా గేమ్ అంతా ఇది భద్రమైన పద్ధతే. మలేనియా మాత్రం కత్తి మీ షీల్డ్‌కు తగిలినా కోలుకుంటుంది. తగలడమే ఆమెకు కావాల్సింది, మీకు నొప్పి పుట్టిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఆమె కాంబోలు వరసగా నాలుగైదు వేట్లు పడేవి కాబట్టి, షీల్డ్ ఎత్తి నిలబడ్డ కొద్దీ ఆమె బార్ కళ్లముందే వెనక్కి పాకుతుంది.

అలాగని షీల్డ్‌తో ఎవరూ గెలవలేదని కాదు. బరువైన గ్రేట్‌షీల్డ్ చాటు నుంచి ఈటెతోనో సన్నకత్తితోనో ఆగకుండా పొడిచే పద్ధతి ఉంది. అందులో లెక్క వేరు: ఆమె షీల్డ్ మీద ఎంత కోలుకుంటుందో అంతకంటే ఎక్కువ మీరు అదే సమయంలో పొడవాలి, స్టామినా ఎక్కడా తెగిపోకూడదు. బ్లీడ్ (రక్తస్రావం) ఉన్న ఆయుధంతో, స్టామినా కోసం ఎండ్యూరెన్స్ బాగా పెట్టిన బిల్డ్‌తో (లెవెల్స్ పంచుకున్న తీరుతో) అది కుదురుతుంది. చిన్న షీల్డ్ పట్టుకుని "కాస్త కాచుకుంటూ కాస్త కొడదాం" అనుకునేవాళ్లకు మాత్రం రెండూ చెడతాయి.

ప్యారీ (వేటు పడే క్షణంలో దాన్ని పక్కకు కొట్టేయడం) కుదురుతుంది. అయితే ఒకటి రెండు ప్యారీలకు ఆమె కూలదు, మూడు పడాలి.

ఆమె కూడా తూలుతుంది

ఇది చాలామంది గమనించని బలహీనత. మలేనియా స్టాన్స్ (తూలి పడకుండా తట్టుకునే శక్తి) విలువ 80, ఇంత పేరున్న బాస్‌కు అది ఎక్కువేమీ కాదు. దెబ్బ తినేటప్పుడు ఆమె ఒళ్లు బండరాయిలా నిలబడదు. బరువైన ఆయుధంతో కొడితే ఆమె మొదలుపెట్టిన కదలిక మధ్యలోనే ఆగిపోతుంది. రెండు చేతులా పట్టిన కొలోసల్ కత్తితో ఎగిరి కొట్టిన దెబ్బలు కొన్ని వరసగా పడితే మోకాళ్ల మీద పడుతుంది, క్రిటికల్ (పెద్ద దెబ్బ) కొట్టే వీలు దొరుకుతుంది. అయితే కొట్టడం ఆపి తిరుగుతూ కూర్చుంటే ఆ స్టాన్స్ మళ్లీ నిండిపోతుంది. జాగ్రత్తగా ఉండటమంటే దూరంగా ఉండటమని అనుకునేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

చిన్న ఆయుధాలవాళ్లు రెండు కొట్టి ఆగడం నేర్చుకోవాలి, తప్పితే మూడు. ఆ తర్వాత ఆమె వెనక్కి ఎగురుతుంది, లేదా అదురూబెదురూ లేకుండా ఎదురుదెబ్బ వేస్తుంది. వెనక్కి ఎగిరినప్పుడు తరుముకుంటూ వెళ్లడం పెద్ద తప్పు. ఆమె దిగీ దిగగానే ముందుకు దూసుకొస్తుంది, మీరేమో అప్పటికే కత్తి ఎత్తేసి ఉంటారు. ఫ్లాస్క్ కూడా అంతే: మీరు తాగడం మొదలుపెట్టగానే వచ్చి పడే అలవాటు ఆమెకు ఉంది. ఆమె కాంబో ముగిసి, ఆమె నిలదొక్కుకునే క్షణంలో తాగాలి. ఆమె మెల్లగా నడుచుకుంటూ వస్తున్నప్పుడు కాదు.

ఆ మెల్లటి నడక గురించి ఒక మాట. కత్తిని పక్కకు వాల్చి తీరిగ్గా నడుస్తున్నట్టు వస్తుంది. కంగారుపడి ముందే రోల్ చేస్తే మీ రోల్ చివర్లో ఆమె వేటు పడుతుంది. ఆమె భుజం కదిలే దాకా మీ వేలు కదలకూడదు. కత్తి చేతిని వెనక్కి లాగి పొడుచుకుంటూ వచ్చేది మాత్రం పట్టు. దొరికితే కత్తికి గుచ్చి ఎత్తేస్తుంది, బోలెడంత కోలుకుంటుంది కూడా. దానికి వెనక్కి కాదు, పక్కకు రోల్.

వాటర్‌ఫౌల్ డాన్స్

ఈ పోరాటంలో సగం చావులు ఆమె చేసే ఈ దాడిలోనే. ఆమె గాల్లోకి లేచి, ఒక కాలు ముడిచి, కత్తి వెనక్కి పట్టి, నిండుగా ఒక ఊపిరి తీసేంతసేపు అలా వేలాడుతుంది. తర్వాత కత్తి సుడులు మొదలవుతాయి: ఒకటి, రెండు, మూడు, ఆపై చివరి వేటు. ఒక్కో సుడిలో లెక్కలేనన్ని కోతలు ఉంటాయి. తగిలిన ప్రతి కోతకూ ఆమె కోలుకుంటుంది. ఒక్కసారి పూర్తిగా తగిలితే మీరు చస్తారు. షీల్డ్‌తో బతికినా, మీరు చాలాసేపు కష్టపడి తగ్గించిందంతా ఆమెకు తిరిగి వెళ్లిపోతుంది.

దీన్ని సాధన చేయడం కష్టం కావడానికి ఒక కారణం ఉంది. మొదటి ఫేజ్‌లో ఆమె ప్రాణం సుమారు పావు వంతు తగ్గేదాకా ఈ డాన్స్ చేయదు. అంటే చూడాలంటే ముందు అంత దూరం రావాలి. వచ్చాక ఒక్క క్షణంలో చస్తారు, మళ్లీ మొదటి నుంచి. అందుకే పావు వంతు తగ్గిందని బార్ చెప్పగానే ఆట పద్ధతి మార్చాలి. అప్పటి నుంచి అవసరం లేకుండా ఆమెను అంటిపెట్టుకుని ఉండకండి. కొట్టాక ఒక అడుగు దూరానికి వచ్చేయండి. ఈ డాన్స్ నుంచి తప్పించుకోవడం దూరం మీద ఆధారపడి ఉంటుంది.

మీరు కాస్త దూరంలో ఉండగా ఆమె లేస్తే: వెంటనే లాక్-ఆన్ (చూపును శత్రువు మీదే నిలిపే గురి) తీసేయండి, వెనక్కి తిరిగి నేరుగా పరుగెత్తండి. లాక్ ఉంచితే మీ పాత్ర ఆమె వైపే చూస్తూ జరుగుతుంది, పూర్తి వేగం రాదు. మొదటి సుడి మిమ్మల్ని చేరకుండానే ముగుస్తుంది. రెండోది మొదలవుతుండగా తిరిగి ఆమె వైపుకే, ఆమె కిందుగా రోల్ చేయాలి. మనసు ఒప్పుకోదు గానీ అదే దారి. ఆమె ముందుకు దూసుకెళ్తోంది, మీరు ఆమె వెనక్కి వచ్చేస్తున్నారు. మూడోదానికీ అలాగే ముందుకే మరో రోల్. అప్పటికి ఆమె మిమ్మల్ని దాటి ఉంటుంది, చివరి వేటు ఖాళీ నేల మీద పడుతుంది. దిగాక రెండు మూడు దెబ్బలు కొట్టే సమయం దొరుకుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు రెండో సుడికి కూడా వెనక్కే పరుగెత్తడం. రెండోది మొదటిదానికంటే ముందుకు లాక్కొస్తుంది, స్టామినా అయిపోయినవాడు దొరికిపోతాడు. ఇంకో పొరపాటు మొదటి సుడికే రోల్ చేయడం. ఒక రోల్‌లో దెబ్బ తగలని క్షణాలు చాలా తక్కువ, సుడి దానికంటే పొడుగు.

మీరు ఆమె ఒళ్లోనే ఉండగా లేస్తే పని వేరు, పరుగుకు టైం చాలదు. ఒక దారి, లాక్ తీసేసి ఆమె కిందే చుట్టూ తిరగడం. మొదటి సుడి గురి మీ వైపు తిరగడానికి పట్టే సమయాన్ని వాడుకుని, ఆ గురికి పక్కగా జారిపోతారు. ఇది చేతికి పట్టడానికి చాలా ప్రయత్నాలు పడుతుంది, కెమెరా కూడా సతాయిస్తుంది. రెండో దారి బ్లడ్‌హౌండ్స్ స్టెప్ అనే యాష్ ఆఫ్ వార్ (ఆయుధానికి పెట్టుకునే ప్రత్యేక విద్య). 1.06 అప్‌డేట్ దాని పదును తగ్గించినా, ఆ మొదటి సుడి నుంచి బయటపడేయడానికి ఇప్పటికీ పనికొస్తుంది. మూడో దారి అన్నిటికంటే చవకైనది: ఫ్రీజింగ్ పాట్, అంటే విసిరే మంచు కుండ.

ఆమె గాల్లో వేలాడే ఆ క్షణంలో ఫ్రీజింగ్ పాట్ విసిరితే, ఫ్రాస్ట్ నిండి ఆమెకు మంచు పట్టిన ఆ కుదుపుకు డాన్స్ మొదలవకుండానే కిందపడుతుంది. మొదటిసారి సాధారణంగా ఒక్క పాట్ చాలు. దీన్ని క్విక్ ఐటమ్స్ వరసలో ఫ్లాస్కుల మధ్య పెట్టకండి, ఆ కంగారులో పాట్ బదులు ఫ్లాస్క్ తాగేస్తారు. పౌచ్‌లో పెట్టుకుంటే ప్లేస్టేషన్‌లో ట్రయాంగిల్, ఎక్స్‌బాక్స్‌లో వై పట్టుకుని డి-ప్యాడ్‌లో ఒక దిక్కు నొక్కితే చాలు, వరస తిప్పే పని ఉండదు.

కానీ ఈ పాట్ చాలామందికి ఒకసారి పనిచేసి తర్వాత మొరాయిస్తుంది. దానికి కారణాలు రెండు. మొదటిది, ఫ్రాస్ట్ పట్టిన ప్రతిసారీ దాన్ని తట్టుకునే శక్తి ఆమెకు పెరుగుతుంది, కాబట్టి మూడోసారికో నాలుగోసారికో ఒక పాట్ చాలదు. రెండోదే అసలు చిక్కు: ఫ్రాస్ట్ పట్టి ఉన్న 30 సెకన్లూ కొత్తగా ఫ్రాస్ట్ పేరుకోదు. మీ చేతిలో ఉన్నదీ ఫ్రాస్ట్ కత్తే అయితే, మీ దెబ్బలకే ఆమెకు మంచు పట్టేసి ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఆమె గాల్లోకి లేస్తుంది, మీరు పాట్ విసురుతారు, ఏమీ జరగదు. పాట్లను నమ్ముకుంటే కత్తికి ఫ్రాస్ట్ పెట్టకండి. కత్తికి పెట్టుకుంటే పాట్లను మర్చిపోండి. రెంటినీ కలపాలంటే మధ్యలో నిప్పు కావాలి. ఫైర్ పాట్ లాంటి అగ్ని దెబ్బ తగిలితే ఉన్న ఫ్రాస్ట్ కరిగిపోతుంది, మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది.

రక్తం, మంచు

బ్లీడ్ ఆమె మీద బాగా పనిచేస్తుంది. అది నిండినప్పుడు పోయేది మొత్తం ప్రాణంలో ఒక శాతంగా లెక్క కడతారు కాబట్టి, పెద్ద బార్ ఉన్న బాస్ మీద దాని విలువ ఎక్కువ. ఫ్రాస్ట్ పట్టినప్పుడు ఒక దెబ్బ పడటంతో పాటు, ఆ 30 సెకన్లు ఆమెకు తగిలే ప్రతిదీ 20 శాతం ఎక్కువ పడుతుంది. ఇందాకటి 600 దెబ్బ 720 అవుతుంది. పోరాటం అంతా ఫ్రాస్ట్ ఉంటుందని ఊహిస్తే 56 దెబ్బల పని 47కు దిగుతుంది. అంతసేపూ ఉంచలేం గానీ, తొమ్మిది దెబ్బలు తగ్గే అవకాశం ఎటు ఉందో తెలుస్తోంది కదా.

ఈ రెంటినీ కలిపితే ఏమవుతుందో లెట్ మీ సోలో హర్ చూపించాడు. 2022లో తలకు ఓ కుండ, ఒంటికి గోచీ తప్ప ఏమీ లేకుండా ఇతరుల ఆటల్లోకి పిలుపు మీద వెళ్లి, వాళ్లను పక్కన నిలబడమని ఒంటరిగా మలేనియాను చంపిపెట్టిన ఆటగాడు. చేతుల్లో రెండు కటానాలు: ఒకటి రివర్స్ ఆఫ్ బ్లడ్, రెండోది ఫ్రాస్ట్ పెట్టిన ఉచిగటానా. వెయ్యి సార్లు చంపాక ప్రచురణ సంస్థ బందాయ్ నామ్కో అతనికి నిజం కత్తి ఒకటి పంపింది. అతనికి కవచం లేకపోవడం గొప్ప కోసమేనని అనుకుంటారు. దెబ్బ తగలనిచ్చే ఉద్దేశమే లేనివాడికి కవచం బరువు దేనికి అన్నది కూడా ఒక లెక్కే. మీరు మాత్రం కవచం వేసుకునే వెళ్లండి.

హోలీ దెబ్బలు ఆమెకు పెద్దగా ఎక్కవు. ఫెయిత్ బిల్డ్‌వాళ్లు పవిత్ర ఖడ్గాల బదులు నిప్పు మంత్రాలవైపు చూడటం మేలు.

రెండో ఫేజ్

దృశ్యం ముగిసీ ముగియగానే ఆమె ఆకాశం నుంచి ఎర్రటి పువ్వులా మీ మీద వచ్చి పడుతుంది. అదే స్కార్లెట్ ఏయోనియా. ఇది ఎప్పుడొస్తుందో ముందే తెలుసు కాబట్టి భయపడాల్సిన పని లేదు. నియంత్రణ చేతికి రాగానే దూరంగా పరుగెత్తండి, ఆమె నేలను తాకే క్షణానికి రోల్ చేయండి, అక్కడితో ఆగకుండా ఇంకా బయటికి వచ్చేయండి. నేలను తాకడం ఒక దెబ్బ, పువ్వు విచ్చుకుని పేలడం ఇంకో దెబ్బ. మొదటిదాన్ని తప్పించుకున్న సంబరంలో తిరిగి దగ్గరికి వెళ్లి రెండోదానికి బలయ్యేవాళ్లు చాలామంది.

పేలాక ఆమె పువ్వు మధ్యలో కాసేపు కదలకుండా ఉంటుంది. ఈ ఫేజ్‌లో మీకు దొరికే అతి పెద్ద అవకాశం అదే. కాకపోతే చుట్టూ స్కార్లెట్ రాట్ (ఒంటిని కుళ్లబెట్టే రోగం) పొగ. అందులో నిలబడితే మీ రాట్ బార్ నిండుతుంది, నిండాక ప్రాణం ఆగకుండా కారిపోతుంది. దూరం నుంచి మంత్రమో బాణమో ఉంటే దిగులు లేదు. కత్తివాళ్లు రెండు బలమైన దెబ్బలు కొట్టి బయటికి రావాలి. రాట్‌ను నయం చేసే ప్రిజర్వింగ్ బోలస్సులు నాలుగైదు సంచిలో ఉండాలి. ఫెయిత్ కాస్త ఉంటే 'ఫ్లేమ్, క్లెన్స్ మీ' అనే మంత్రం ఉన్న రాట్‌ను కడిగేస్తుంది, దానికి ముడిసరుకు వెతుక్కునే పని కూడా లేదు.

తర్వాత పాత కాంబోలే, రెక్కలతో. కొత్తగా వచ్చేది ఒకటి: పైకి లేచి తన ఛాయల్ని ఒకదాని తర్వాత ఒకటి మీ మీదికి దూకిస్తుంది, చివర్లో తనే దూకుతుంది. ఒక్కో ఛాయకూ ఒక్కో రోల్ చేస్తే స్టామినా మధ్యలోనే అయిపోతుంది. ఒకే పక్కకు ఆపకుండా పరుగెత్తితే చాలావరకు మీ వెనక పడతాయి. చివరిదానికి మాత్రం రోల్ దాచుకోండి.

ఈ ఫేజ్‌లోనూ వాటర్‌ఫౌల్ ఉంటుంది, ఎప్పుడైనా రావచ్చు. ఏయోనియా కూడా మళ్లీ వస్తుంది. అది వస్తే సంతోషించండి, కొట్టే సమయం దొరికింది.

తోడు తెచ్చుకుంటే

స్పిరిట్ యాష్‌ను (సాయానికి వచ్చే ఆత్మను) పిలిస్తే ఆమె ప్రాణం పెరగదు. కానీ ఆ యాష్‌కు తగిలిన ప్రతి వేటుకూ ఆమె కోలుకుంటుంది. గుంపుగా వచ్చే యాష్‌లు ఇక్కడ పనికిమాలినవి కావడానికి కారణం ఇదే. నలుగురు సైనికులు అంటే ఆమెకు నాలుగు ఫ్లాస్కులు. దెబ్బలు తప్పించుకునే యాష్ కావాలి. బ్లాక్ నైఫ్ టీషే ఈ పనికి బాగా సరిపోతుంది: ఎగిరి తప్పించుకుంటుంది, టీషే కత్తి గాయం మలేనియా ప్రాణాన్ని కాసేపు కోస్తూనే ఉంటుంది. పిలవడానికి 132 ఎఫ్‌పీ (మంత్రశక్తి) కావాలి. దాన్ని పెంచే మైండ్ తక్కువ పెట్టినవాళ్లు ముందే చూసుకోవాలి.

మీ నకలుగా మారే మిమిక్ టియర్ ఎఫ్‌పీ అడగదు, మీ ప్రాణంలో 660 తీసుకుంటుంది. పిలిచిన వెంటనే ఫ్లాస్క్ తాగాల్సిందే, కాబట్టి గదిలోకి అడుగు పెట్టగానే, ఆమె మీ దాకా రాకముందే ఈ రెండు పనులూ అయిపోవాలి. మిమిక్ మీ చేతిలో అప్పుడున్నదాన్నే వాడుతుంది. షీల్డ్‌తో ఉండగా పిలిస్తే అదీ షీల్డ్ ఎత్తుకుని నిలబడుతుంది, ఆమె దాని మీద తీరిగ్గా కోలుకుంటుంది. అందుకే రెండు చేతుల్లోనూ బ్లీడ్ ఆయుధాలు పెట్టి పిలిచి, ఆ తర్వాత మీకు కావాల్సింది మార్చుకోండి.

ఆన్‌లైన్‌లో మనిషిని పిలిస్తే ఆమె ప్రాణం పెరుగుతుంది. వచ్చినవాడు దెబ్బలు తినే రకమైతే ఇద్దరి తప్పులకూ ఆమె కోలుకుంటుంది, అంటే ఒంటరిగా వెళ్లడం కంటే కష్టం. గేమ్ వచ్చిన తొలి నెలల్లో మల్టీప్లేయర్‌లో ఈ కోలుకోవడమే లెక్క తప్పి ఆడింది, దాన్ని 1.04.1 అప్‌డేట్‌లో సరిచేశారు.

గెలిచాక 4,80,000 రూన్లు (ఆటలోని డబ్బు), ఆమె రిమెంబ్రెన్స్, గ్రేట్ రూన్ వస్తాయి. రిమెంబ్రెన్స్ ఇచ్చి ఆమె కటానాగానీ స్కార్లెట్ ఏయోనియా మంత్రంగానీ ఏదో ఒకటి తీసుకోవచ్చు. గ్రేట్ రూన్‌ను ఐసొలేటెడ్ డివైన్ టవర్‌లో బాగు చేయించి రూన్ ఆర్క్ అనే వస్తువును విరిస్తే ఆమె విద్య మీకు వస్తుంది: దెబ్బ తిన్న వెంటనే తిరిగి కొడితే పోయిన ప్రాణంలో కొంత వెనక్కి వస్తుంది. బదులుగా ఫ్లాస్క్ ఇచ్చే ప్రాణం తగ్గిపోతుంది.